ఒండ్రు మీద గెట్టు

"ఈ ఏడు నేను గియ్య పటేలా" అని ఆమె చేతిలోని తుమ్మ కంపను కింద పడేసింది.

ఆమె వెనక నడుస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. కృష్ణ వెనక్కి తగ్గిన నేల మీద, ఇంకా తడి ఆరని ఒండ్రులో, కంప ఈడ్చిన గీత పాత బావి రాళ్ల దగ్గర మొదలై మా కాళ్ల దాకా వచ్చి నిలిచిపోయింది. గీతకు ఎడమ పక్క పొలం ఆమె వెంటే నడుస్తున్న పెద్ద రైతుది. కుడి పక్కది ఆయన పాలివాడిది, అంటే దాయాదిది. అక్కణ్నుంచి నీటి అంచు దాకా ఎవరిది ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి ఒక రాయి లేదు, చెట్టు లేదు. అంతా ఒకే రంగు మన్ను.

"గియ్యవా? నువ్వు గియ్యకపోతే ఎట్లనే?" అన్నాడు పెద్ద రైతు. కోపంగా అనలేదు. రోజూ వచ్చే బస్సు రాదని చెబితే ఎలా అడుగుతారో అలా అడిగాడు.

"నాకు గూడ ఒక తుకుడ జాగ ఇడువుండ్రి. ఎక్కువ అడుగుతలేను, ఒక గంప ఇత్తనం పట్టేటంత. ముందు అది గీసి, తర్వాత మీయన్నీ గీస్త."

"నీకు భూమి ఇస్తే మా గెట్లు ఎవరు గీస్తరే పిల్లా?"

ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆ ప్రశ్న ఎంత నిజమైనదో అర్థం కావడానికి నాకు కొన్ని రోజులు పట్టింది. చదివేవాళ్లకు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఆ ఊరు సోమశిలకు ఎగువన, వీపనగండ్ల దాటి నది వైపు పోతే వస్తుంది. దిగువన ఆనకట్ట కట్టిన కాలంలో ఈ తీరం పొడుగునా ఊళ్లకు ఊళ్లు మునిగాయి. జనం మూటాముల్లె సర్దుకుని పైకొచ్చి, రాళ్ల నేల మీద ఇళ్లు కట్టుకుని, పాత ఊరి పేరే కొత్త ఊరికి పెట్టుకున్నారు. మునిగిన ఊరు మాత్రం పూర్తిగా పోలేదు. వానాకాలం వరదకు నీళ్లు నిండుగా నిలుస్తాయి. చలి ముదిరేకొద్దీ తగ్గుతూ పోతాయి. అప్పుడు ముందు బావి రాళ్లు కనిపిస్తాయి, తర్వాత పొలాలు బయటపడతాయి. నీళ్లు మరీ అడుగంటిన ఏడు, ఎండాకాలం చివర, పాత ఇళ్ల పునాదులు కూడా తేలతాయి.

ప్రభుత్వం లెక్కలో అది జలాశయం. పరిహారం ఇచ్చి తీసుకున్న నేల. కానీ నీళ్లు దిగిన నేల ఖాళీగా కనబడితే రైతు చూస్తూ ఊరుకోడు. పదును ఉండగానే దిగి శనగ, జొన్న చల్లుతారు. నీళ్లు పెట్టనక్కర్లేదు, మందు వేయనక్కర్లేదు. ఎరువు నదే తెచ్చి వేసి పోతుంది. మళ్లీ వరద వచ్చేలోపు పంట ఇంటికొస్తుంది. అధికారులు చూసీచూడనట్టు ఉంటారు. ఇదంతా ఈ తీరంలో పుట్టినవాళ్లకు కొత్త సంగతి కాదు.

నాకు కొత్తగా అనిపించింది ఒకటే. ఎవరి పాత పొలంలో వాళ్లే విత్తుకుంటారు. మునిగి ఇన్నేళ్లయినా, కాగితం మీద ఎవరికీ హక్కు లేకపోయినా, మునగకముందు మా తాత దున్నిన చోటే నేను దున్నాలి అన్న పద్ధతి చెక్కుచెదరలేదు. అయితే ప్రతి ఏడూ వరద ఒండ్రు కప్పేస్తుంది. గట్లు ఉండవు. మరి ఎవరిది ఎక్కడిదాకా అన్నది ఎలా తెలుస్తుంది?

దానికే ఆ కంప. నేల అడుగు మోయగలిగిన మొదటి మంచి పొద్దున అన్ని కుటుంబాలవాళ్లు కిందికి దిగుతారు. ఒకరు సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి నరికి తెచ్చి, మొదలు చేత్తో పట్టుకుని, బావి రాళ్ల దగ్గర నిలబడి, అవతలి ఒడ్డున గుట్ట కొసను చూస్తూ, వెనక కొమ్మను ఈడ్చుకుంటూ నడుస్తారు. మెత్తటి ఒండ్రు మీద ముళ్లు గీరుకుపోయి, దువ్వెనతో దువ్వినట్టు ఒక బాట పడుతుంది. అదే గెట్టు. వెనక నడిచేవాళ్లు మాట్లాడరు. అందరి ముందూ గీసిన గీతను ఎవరూ కాదనరు. మరుసటి ఏడు వరద తుడిచేస్తుంది, మళ్లీ అక్కడే గీయాలి. ఒకసారి గీసిన గెట్టు జరగకూడదన్నది కట్టుబాటు.

ఆ కంప పట్టే పని ఒకే ఇంటిది. ఆ ఇంటికి పాత ఊళ్లో భూమి లేదు. వాడలో ఒక గుడిసె ఉండేది, ఆ ఇంటి మగవాళ్లు రైతుల దగ్గర జీతం ఉండేవాళ్లు. అందరి పొలాల్లో దున్నినవాళ్లు కాబట్టి అందరి గెట్లూ వాళ్లకు తెలుసు. అంతకంటే ముఖ్యం, గీతకు ఆ పక్కా ఈ పక్కా వాళ్లకేమీ లేదు. అన్నదమ్ములు ఒకరినొకరు నమ్మని చోట, పాలివాళ్లు అడుగు అడుగుకీ తగాదాపడే చోట, ఏమీ లేనివాడి గీతే నిలిచింది. పంట చేతికొచ్చాక ప్రతి ఇంటివాళ్లూ ఒక గంపెడు శనగలు ఆ ఇంటికి పంపుతారు. శనగలు పోసుకుని ఖాళీ గంపను తిరిగి పంపేస్తారు. గంప తిరిగొచ్చిందంటే లెక్క తీరినట్టు.

తండ్రికి చూపు మందగించాక ఈ పని కూతురికి వచ్చింది. ఆమె వయసు నలభై దాటి ఉంటుంది. పెళ్లయ్యాక కొన్నేళ్లు మొగుడితో పాటు బొంబాయి వైపు కట్టుబడి పనులకు పోయింది. ఆయన అక్కడే జబ్బుపడి పోయాడు. తిరిగొచ్చి తండ్రి దగ్గర ఉంటూ, మిరపకాయలు ఏరడానికి, గద్వాల వైపు పత్తి సీడు తోటల్లో పూలు దిద్దడానికి, అంటే చేత్తో పుప్పొడి అద్దడానికి పోతుంటుంది. నీళ్లు తగ్గే రోజులకు మాత్రం ఎక్కడున్నా ఊరికి వచ్చేస్తుంది.

నేను ఆ ఊరికి పోయింది ఒక సంస్థ వాళ్ల వెంట. చాలాకాలం వనపర్తి నుంచి పత్రికకు వార్తలు రాశాను. ఆ పని మానేశాక ఇంట్లో కూర్చోలేక, గ్రామాల్లో పనిచేసే ఒక సంస్థ వాళ్లు మాతో తిరిగి చూసింది చూసినట్టు రాసిపెట్టండి అంటే ఒప్పుకున్నాను. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో అభివృద్ధి పేరుతో వచ్చిన వస్తువులు చాలానే చూశాను. కుట్టు మిషన్లు వచ్చాయి. డ్రిప్పు పైపులు వచ్చాయి, కొన్ని ఇళ్లలో అవి బట్టలారేసుకునే తాళ్లయ్యాయి. అచ్చంపేట అవతల ఒక ఊళ్లో తేనె పెట్టెలను కోళ్లు గుడ్లు పెట్టడానికి వాడుకుంటుంటే చూశాను. వీటిని చూసి నవ్వుకోవడం తేలిక. కానీ ఏ వస్తువూ రాని ఊళ్లను కూడా చూశాను కాబట్టి నవ్వు ఎక్కువసేపు నిలవదు.

సంస్థ తరఫున ఆ ఊరికి వచ్చిన అమ్మాయిది గద్వాల. వాళ్ల ఇంట్లో కూడా సీడు పత్తి వేస్తారు. పొద్దు పొడవకముందే వచ్చే కూలి ఆడవాళ్లకు చాయ్ పోసి పెరిగిన పిల్ల. పట్నంలో పెద్ద చదువు చదివి, తిరిగి ఈ వైపే పని చేస్తానని వచ్చింది. ఆమె తెచ్చిన పథకం బాగానే ఉంది. మునక నేలలో ఎవరి తుకుడ వాళ్లు చేసుకునే బదులు అందరూ కలిసి ఉమ్మడి సేద్యం చేయాలి. నీటి మీద తేలే సోలార్ పంపు ఒకటి, ట్రాక్టర్ ఒకటి సంస్థ ఇస్తుంది. పంట ఒకేచోట అమ్ముకుంటే మంచి ధర వస్తుంది. ఒక్కటే షరతు, ఊళ్లో ఉన్న అందరూ సభ్యులు కావాలి, భూమి ఉన్నా లేకున్నా.

బడి వరండాలో సమావేశం పెట్టి ఇదంతా చెప్పింది. అందరూ సరేనన్నారు. మా వైపు పథకానికి కాదని చెప్పేవాళ్లు ఉండరు. "ఒస్తే రానీ, పోతే పోనీ, మన ఇంట్ల కూసుంటదా ఏంది" అని నా పక్కన కూర్చున్న ఒకాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి కంప పట్టే ఆమె ఒక్కతే లేచి అడిగింది.

"మేడం, అందరంటే మేం గూడనా?"

"అందరూ అక్కా. మీరు, వాళ్లు అని లేదు."

"గట్ల రాసిండ్రా మీ తాన?"

"రాసింది. ఇగో."

ఆమె ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకోలేదు. సరే అని కూర్చుంది. మిగతావాళ్లు మరిచిపోయిన ఆ మాటను తనతో ఇంటికి తీసుకుపోయిందని మాకు తర్వాత తెలిసింది.

పథకం నిలవలేదు. పంపు, ట్రాక్టర్ రావాలంటే సంఘం రిజిస్టర్ కావాలి, సంఘానికి భూమి చూపించాలి. భూమి కొలవడానికి డ్రోను పట్టుకుని ఇద్దరు కుర్రవాళ్లు వచ్చారు. అది గుయ్యిమంటూ నది మీద తిరిగితే ఊరంతా అప్పుడే నీళ్లు దిగిన అంచున నిలబడి చూసింది. దించి, ట్యాబ్‌లో చూసుకుని, ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, కొలతలు మంచిగనే ఒచ్చినయి. కని మా మ్యాప్‌ల ఈడ పొలాలు లేవు. నీళ్లున్నయి."

పక్కనే ఉన్న పెద్ద రైతు విన్నాడు. "మరి నేను యాడ నిలబడ్డరా నాయినా?"

"రిజర్వాయర్‌ల నిలబడ్డవు తాతా."

"ఓరి నీ పాసుగాల! నాకు ఈత గూడ రాదు" అన్నాడాయన. అందరూ నవ్వారు. కుర్రాడు కూడా నవ్వాడు. అమ్మాయి మాత్రం నవ్వలేకపోయింది. నీటి మీద ఉన్న సంఘానికి ట్రాక్టర్ ఇవ్వడానికి పైవాళ్లు ఒప్పుకోరని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

అలా పథకం ఆగింది. దాని వెనకే కంప లాగే రోజు వచ్చింది. పంపు రాకపోయినా శనగ వేయాల్సిందే కాబట్టి ఎప్పటిలాగే అందరూ దిగారు. అప్పుడే ఆమె సగం గెట్టు గీసి కంప పడేసింది.

ఆ పొద్దున ఎవరూ ఆమెను తిట్టలేదు. అది నాకు ఆశ్చర్యం. పాలివాడి భార్య ఒక్కతే, "బొంబాయి నీళ్లు తాగొచ్చినంక నాలుక పొడుగైంది" అంది. ఆమె వెంటనే, "బొంబాయిల నీళ్లు యాడియక్కా, కొనుక్కొని తాగినం. కిష్ణ నీళ్లే తాగి పెరిగిన నాలుక ఇది" అంది. కొందరు నవ్వారు. తర్వాత ఒకరొకరే ఒడ్డెక్కారు. రెండు రోజుల్లో దారికొస్తుందిలే అన్నారు.

వాళ్లకు రెండు రోజులు కూడా ఎక్కువే. ఒండ్రు పైపొర ఎండకు బిగుసుకుంటుంది. బిగిస్తే విత్తనం లోపలికి దిగదు, దిగినా మొలవదు. పదును ఎవరికోసమూ ఆగదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలుసు కాబట్టే ఆ రోజు ఆగింది. అంతకుముందు వానాకాలంలో అడిగి ఉంటే చూద్దాంలే అని పంపేసేవాళ్లు.

సాయంత్రం సంస్థ అమ్మాయితో కలిసి నేను కంప పడేసినామె ఇంటికి పోయాను. రేకుల ఇల్లు. బయట మంచం మీద తండ్రి కూర్చున్నాడు. చూపు పూర్తిగా పోలేదు, మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. కూతురి మీద కోపంగా ఉన్నాడు.

"నువ్వు జేసింది మంచిగ లేదు బిడ్డా. రెండు దిక్కుల ఏం లేనోని మాటనే రెండు దిక్కుల చెల్లుతది. రేపు నీకు ఒక దిక్కు భూమి ఉంటే, గీత ఎంత సక్కగ గీసినా వంకర అనే అంటరు. మా నాయిన గీసిండు, నేను గీసిన. ఒక్కడన్న వేలు చూపెట్టిండా?"

"చూపెట్టలే నాయినా. నీ గీతకు అందరు తలకాయ ఊపిండ్రు. మేం బొంబాయి బస్సెక్కిన్నాడు ఒక్కరన్న పోకుండ్రి అన్నరా?"

"ఇంటికొక గంప శనగలు ఇస్తుండ్రి గదనే."

"ఆళ్లు ఇచ్చుడు, మనం తీసుకునుడు. నేను గూడ ఎవలకన్న ఒకపారి గంప పంపియ్యాలె నాయినా. ఆ గంప నాకు ఖాళీగ తిరిగి రావాలె."

 ముసలాయన మా వైపు తిరిగి, "చాయ్ తాగిండ్రా సార్?" అని అడిగాడు. కూతురు లోపలికి పోయింది.

తిరిగి వస్తున్నాం. ఆ అమ్మాయి అంది, "సార్, మేం అందరూ అని రాసేటప్పుడు ఆ మాట ఎవరికి ఎంత బరువో ఆలోచించలేదు. అక్క ఒక్కతే దాన్ని నిజంగ విన్నది." పత్రికల్లోనూ అంతే. మేము ముంపు బాధితులు అని ఒకే మాట రాసేవాళ్లం. ఊరు మునిగినప్పుడు భూమి ఉన్నవాడికి భూమి మునిగింది. భూమి లేనివాడికి మునిగింది భూమి ఉన్నవాడి దగ్గర దొరికే పని. ఆ రెండోదానికి పరిహారం కట్టే పద్ధతి ఏ కొలతలోనూ లేదు. పేద దేశాల పల్లెల్ని బాగుచేయడం గురించి నేను విన్న ఉపన్యాసాల్లో ఊరు అనే మాట చాలాసార్లు వచ్చేది, ఊళ్లో ఎవరు అన్నది తక్కువగా వచ్చేది. ఇదొక్కటే జబ్బు అని నేననను. పంపు వచ్చి ఉంటే, ఉమ్మడి సేద్యం నడిచి ఉంటే, ఈ గొడవే లేకుండా ఆమెకు ఒక వాటా దక్కేదేమో. దక్కిన వాటాలో ఆమె మాట ఎంత చెల్లేదో అది వేరే ప్రశ్న.

మర్నాడు అమ్మాయి ఒక మధ్యేమార్గం చెప్పి చూసింది. పాత ఊళ్లో వాడ ఉన్న చోటు ఎవరి పొలమూ కాదు కదా, నీళ్లు తగ్గినప్పుడు అక్కడ వేసుకోవచ్చు కదా అంది. రైతులు వెంటనే ఒప్పుకున్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"అది ఎండకాలం పోంగ పోంగ తేలుతది మేడం. తేలినా అది భూమి గాదు. మా ఇంటి పునాది, మా పొయ్యి రాళ్లు. రాళ్ల మీద శనగలు పోస్తే కాకులు తింటయి."

ఆ రోజు మధ్యాహ్నం పెద్ద రైతు, ఆయన పాలివాడు ఓపిక పట్టలేక తామే గెట్టు గీసుకుందామని దిగారు. నేనూ వెంట ఉన్నాను. పెద్ద రైతు కంప పట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో పాలివాడు ఆపాడు.

"గుట్ట కొసను చూసి నడువన్నా. నీ కంప నా దిక్కే మొగ్గుతున్నదేంది?"

"సక్కగనే పోతున్న. నీ కండ్లే అడ్డమున్నయి."

"మోకాలు నొస్తున్నదని నువ్వు పక్కకు జరుగుతున్నవు. నీ మోకాలు జరిగిన కాడల్లా నా భూమి పోతున్నది."

"నా మోకాలు మీద ఒట్టు..."

"నీ మోకాలు మీద ఒట్టు ఎవనికి గావాలె?"

కంప పాలివాడు తీసుకున్నాడు. ఈసారి గీత అటు వంగిందని ఈయన ఆపాడు. సాయంత్రానికి బావి రాళ్ల దగ్గర నుంచి నాలుగు గీతలు విసనకర్రలాగా విచ్చుకుని ఉన్నాయి. చూడటానికి వచ్చిన పిల్లలు ఆ గీతల మధ్య కబడ్డీ ఆడుకున్నారు. పెద్ద రైతు ఒడ్డున కూర్చుని చేతిలోని ముల్లు తీసుకుంటూ, "ఏం లేనోడు గీస్తేనే గీత" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. కొంచెం ఆగి, "ఏం లేకుండనే ఉండుమంటే ఎట్ల ఉంటది మరి" అన్నాడు.

ఒండ్రు మీద సన్నగా నెర్రెలు మొదలయ్యాయి.

తెల్లారి ఆయన మనిషిని పంపి ఆమెను పిలిపించాడు. మిగతా కుటుంబాలవాళ్లనూ రమ్మన్నాడు. ఆయన కొడుకులు ఇద్దరూ వచ్చారు, వాళ్ల ముఖాలు బాగాలేవు. ఆమె తండ్రి కూడా వస్తానంటే ఒక చేయి ఆమె, ఒక చేయి నేను పట్టుకుని దింపాం. ఒండ్రులో పాదం పెట్టగానే ముసలాయన, "పదును దిగుతున్నది" అన్నాడు.

పెద్ద రైతు తన పొలంలో నది వైపు కొస చూపించాడు. "ఈడ గంప ఇత్తనం పట్టేటంత నీకు ఇడుస్తున్న. మా పాలోళ్ల సంగతి నాకు తెల్వదు. నా దాంట్ల నేను ఇస్తున్న. ఈ ఏటికి ఏసుకో."

ఈ ఏటికి అన్న మాట అందరం స్పష్టంగా విన్నాం. ఆమె కూడా విన్నది.

"ఇప్పుడు గీయి మరి" అన్నాడు.

"నా గెట్టు నేను ఎట్ల గీసుకుంట పటేలా? అది చెల్లుతదా?"

ఆయన ఆమె తండ్రి వైపు చూశాడు. "నువ్వు గీయరాదు?"

"నా బిడ్డది నేను గీస్తే చెల్లదు పటేలా. కట్టుబాటు మీరెరిగిందే."

అక్కడున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికీ ఏదో ఒక పక్క భూమి ఉంది. నేను బయటివాణ్ని, నాకు గుట్ట కొస ఏదో కూడా సరిగా తెలియదు. చివరికి పెద్ద రైతే వంగి కంప అందుకున్నాడు. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. తన పొలంలోంచి తను పోగొట్టుకునే గీతను ఆయన వంకరగా గీస్తాడని ఎవరూ అనలేరు కదా. మోకాలి నొప్పితో, ఆగి ఆగి, కంప ఈడ్చాడు. వెనక అందరం మాట్లాడకుండా నడిచాం. ముసలాయన కూతురి భుజం మీద చేయి వేసుకుని, గీత కనిపించకపోయినా, ముళ్లు మన్నును గీరే చప్పుడు వింటూ నడిచాడు. నీటి అంచు దగ్గర పెద్ద రైతు కంప వదిలేసి, ఒక పుల్ల గుచ్చాడు.

ఆ తర్వాత ఆమె అదే కంప పట్టుకుని మిగతా గెట్లన్నీ గీసింది. పొద్దు వాలేలోపు అయిపోయాయి. ఎవరూ వేలు చూపలేదు. పాలివాడు మాత్రం తన గెట్టు దగ్గర రెండుసార్లు వంగి చూశాడు. ఇంతకుముందు అలా చూసేవాడు కాదని ఆమె ఇంటికి పోయి తండ్రికి చెబితే, "చెప్పిన గద" అన్నాడట.

ఆ ఏడు శనగ బాగానే పండింది. కోతలప్పుడు నేను మళ్లీ పోయాను. సంస్థ ఆ ఊరి పని ముగించి అచ్చంపేట వైపు మరో పథకం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మాత్రం సెలవు పెట్టుకుని వచ్చింది. ఎప్పటిలాగే ఇంటింటి నుంచి గెట్లు గీసినామె ఇంటికి గంపలు వచ్చాయి. పోసుకుని ఖాళీ గంపలు పంపేసింది. అంతా అయ్యాక, తన తుకుడలో పండిన శనగల్లోంచి ఒక గంప నింపుకుని, తలమీద పెట్టుకుని పెద్ద రైతు ఇంటికి పోయింది. మేమిద్దరం వెనక నడిచాం.

అరుగు మీద గంప దించింది. ఆయన చూశాడు.

"ఏందే ఇది? కౌలా? కౌలు నేనడిగిన్నా?"

"కౌలు గాదు పటేలా. గెట్టు గీసిండ్రు గద. గీసినోళ్లకు గంప ఇచ్చేది మన కట్టుబాటు."

ఆయన మొదట గట్టిగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. కొడుకులు లోపల నుంచి వచ్చారు. పెద్దవాడు, "తీస్కపో అక్కా. నాయిన ఈ ఏటికని ఇచ్చిండు, అంతే. గెట్టు లేదు ఏం లేదు" అన్నాడు.

"అందరి ముందల గీసిన గెట్టు తమ్మీ. గీసినకాన్నే మళ్ల గీయాలె. అది మీ తాతలు పెట్టిందే, నేను పెట్టింది గాదు."

"ఏటికని చెప్పిండు గద నాయిన, నువ్వు ఇన్నవు గద?"

"ఇన్న. కాదంటలేను."

ఇద్దరి మాటా నిజమే. ఆమె గంపను అక్కడే వదిలి ఇంటికి పోయింది.  పెద్ద రైతు శనగలు పోసుకుని గంప తిరిగి పంపితే అది గెట్టు అని ఒప్పుకున్నట్టు. గంపను శనగలతో సహా తిప్పి పంపితే ఆయన చేసింది ఒక ఏటి దయ. ఆయన రెండూ చేయలేదు. చివరికి ఆయన భార్య వచ్చి, పురుగు పట్టకుండా శనగల్లో వేపాకు కలిపి, పైన పాత గుడ్డ కట్టి, గంపను అరుగు మూలకు జరిపింది.

"ఏం జేస్తవు మరి?" అని పెద్ద రైతును అడిగాను.

"నీళ్లు రానీ, పోనీ. అప్పటికి నేనుంట గద" అన్నాడు.

తర్వాత వానలు వచ్చాయి, వరద వచ్చింది, ఒండ్రు మీది గెట్లన్నీ ఎప్పటిలాగే తుడిచిపెట్టుకుపోయాయి. గద్వాల అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేసి అదే అడుగుతుంది, గంప తిరిగొచ్చిందా సార్ అని. ఆమె పై అధికారులకు రాసిన నివేదికలో ఆ ఊరి పథకం విఫలమైందని ఉంది. అది అబద్ధం కాదు. ఆ నివేదికలో గంపకు చోటు లేదని కూడా ఆమే చెప్పింది.

మొన్న ఆ ఊరికి పోయాను. పెద్ద రైతు మోకాలికి పట్టీ కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు, కొడుకులు చేలోకి పోయారు. గెట్లు గీసే ఆమె గద్వాల పత్తి పనుల నుంచి తిరిగొచ్చింది. వాళ్ల ఇంటి గోడకు కొత్తగా నరికిన తుమ్మ కంప ఆనించి ఉంది. నీళ్లు తగ్గుముఖం పట్టాయి, పాత బావి రాళ్ల తలలు బయటపడ్డాయి. ఇంకొన్నాళ్లలో నేల అడుగు మోస్తుంది. గంప, దాని మీద కట్టిన గుడ్డ విప్పకుండా, ఇంకా ఆ అరుగు మూలనే ఉంది.